ఒడ్‌గేర్ రెండు పూతలు

ఒడ్‌గేర్‌కి మనుషులందరూ చెక్క ఇళ్ళలాగే కనిపిస్తారు. పూత లేకుండా ఎండలో నిలబడ్డ ఇంటిని చూస్తే అతనికి ముద్ద దిగదు.

నలభై ఏళ్ళు ఇళ్ళకి రంగులేసి రిటైరయ్యాడు. నిచ్చెన దిగాడు గాని పని మానలేదు. రంగుకి బదులు సన్‌స్క్రీన్ పట్టుకున్నాడు, గోడలకి బదులు మమ్మల్ని పట్టుకున్నాడు.

ఈస్టర్ సెలవులకి కొండమీది కాబిన్‌లకి చేరి, దక్షిణపు గోడకి వీపు ఆనించి, మంచులోకి కాళ్ళు చాపి, నారింజలు ఒలుచుకుంటూ హత్యల నవలలు చదవడం మా నార్వేవాళ్ళ ఆచారం. ముఖం రాగి చెంబులా కాలకుండా పట్నం తిరిగొస్తే, సెలవుల్లో మంచాన పడ్డారా అని ఆఫీసులో పరామర్శలు మొదలవుతాయి. చలిలో ఎండ ఏమీ చేయదని మా గట్టి నమ్మకం. పైన ఒకడు, మంచులో ఒకడు, మొత్తం ఇద్దరు సూర్యులని ఒడ్‌గేర్ లెక్క.

పక్క కాబిన్ ట్రిగ్వే చొక్కా విప్పాడంటే చాలు, ఇతను సీసాతో ప్రత్యక్షం.

"కదలకు. ముందు అంచులు." చెవులు, మెడ, గడ్డం కింద.

"గడ్డం కింద ఎండెలా పడుతుందయ్యా?"

"చూరు కింది చెక్కే ముందు పాడయ్యేది. నన్నడుగు."

"కాలడానికే కదరా నేనింత దూరం వచ్చింది."

"కాలిన ఇంటికి రంగెయ్యడం నా వల్ల కాదు."

పూత అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి, తల ఓ పక్కకి వంచి చూసుకుని, "రెండు గంటలాగి రెండోది" అనేవాడు. ఓసారి గోడ దగ్గర కునుకు తీస్తున్న పాస్టరుగారి బట్టతలని వేలితో తట్టి చూసి, "దీనికి మూడు పడతాయి" అన్నాడు. పాస్టరుగారు కళ్ళు తెరవకుండానే "ఆమెన్" అన్నారు.

ఒక ఏడు నా మెడ వెనక పూస్తూ మధ్యలో ఆగిపోయాడు. పని మధ్యలో అతని చెయ్యి ఆగడం నేనెరగను.

"గున్వోర్, ఈ మచ్చ ఎప్పటిది?"

"పుట్టుమచ్చ. నాతోపాటే పుట్టుంటుంది."

"పోయిన ఈస్టర్‌కి లేదు. నేను పూసిన గోడలో కొత్త మేకు దిగితే నాకు తెలీదా? అంచులు కూడా వంకరగా ఉన్నాయి. డాక్టరుకి చూపించు."

"ఇక్కడింకా హంతకుడే దొరకలేదు. తర్వాత చూద్దాంలే," అని పేజీ తిప్పాను.

నిజానికి ఆసుపత్రికి వెళ్ళిన మా అక్క తిరిగి రాలేదు. అప్పటినుంచి ఆ గడప తొక్కాలంటే నా కాళ్ళు మొరాయిస్తాయి. ఒడ్‌గేర్ వాదించలేదు. నాకు అనుమానం రావలసింది అక్కడే.

వారం తిరక్కుండా ఫోన్ చేశాడు. గొంతు పీలగా ఉంది.

"నా వీపుమీద ఏదో మచ్చ లేచింది. చర్మం డాక్టరమ్మ శుక్రవారం రమ్మంది. క్యాన్సరైతే ఏం చెయ్యను? ఒక్కణ్ణీ వెళ్ళలేను గున్వోర్, తోడు రావూ?"

మూడో అంతస్తు ఎత్తున నిచ్చెనమీద ఈలవేసిన మనిషి. జాలేసింది. కారు తీశాను. దారిపొడుగునా ధైర్యం చెప్పాను.

"తొందరగా చూపించుకుంటే భయం లేదు. మొండికేసి ఇంట్లో కూర్చునేవాళ్ళకే ప్రమాదం."

"అంతేనంటావా?"

"ముమ్మాటికీ."

"ఇంకోసారి చెప్పు. వినడానికి హాయిగా ఉంది."

నర్సు తలుపు తీసి పేరు పిలిచింది. అది నా పేరు.

"పొరపాటమ్మా. చూపించుకునేది ఈయన."

ఒడ్‌గేర్ తన బూట్లని పరిశీలిస్తున్నాడు. "నీ పుట్టినరోజు నాకు తెలుసుగా. ముప్పై ఏళ్ళుగా కేకు తింటున్నా. ఫోన్లో చెప్పి నీ పేరే రాయించాను."

"మరి నీ మచ్చ?"

"రంగు చుక్క. స్నానం చేస్తే పోయింది."

నర్సు నవ్వు దాచుకోలేకపోయింది. "రండమ్మా. ఈయనకి ధైర్యం చెప్పడానికి వచ్చినవాళ్ళలో మీరు నాలుగోవారు. పోయిన నెల ఓ పోలీసాయన ఈయన చెయ్యి పట్టుకుని మరీ నడిపించుకొచ్చాడు."

నలుగురి ముందు, అంత ధైర్యం చెప్పిన నోటితో, రానని ఎలా అనను? డాక్టరమ్మ ఆ పూటే మచ్చ కోసి తీసేసింది.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. క్యాన్సరే. పైపొర దాటలేదు. చుట్టూ ఇంకాస్త చర్మం తీస్తే సరిపోతుంది. ఉత్తరం పట్టుకుని ఒడ్‌గేర్ దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"పెచ్చు లేచినచోట చుట్టూ కాస్త గోకడం మామూలే," అన్నాడు.

"నిజం చెప్పు. ఆ రోజు కార్లో ధైర్యం ఇంకోసారి చెప్పమన్నావే, ఆ భయం. అదీ నటనేనా?"

కాగితం జాగ్రత్తగా మడిచి నాకిచ్చాడు. "మచ్చ ఒక్కటే అబద్ధం," అని, వెంటనే అడిగాడు: "ఆ రెండో కోత ఎప్పుడు?"

"మంగళవారం."

"నువ్వూ రావాలి మరి. ఒక్కణ్ణీ వెళ్ళాలంటే నాకు భయం."

"ఏడున్నరకల్లా తయారుగా ఉండు," అన్నాను.