తెల్లమూత సీసా

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక మే నెలలో, మదనపల్లెలోని నీటి పరీక్షల ల్యాబ్‌కు సీనియర్ కెమిస్టుగా వచ్చాను. శాఖ పేరు చెప్పను. పెన్షన్ ఇంకా అక్కడినుంచే వస్తోంది. ఫ్లోరైడ్ కొలిచే మీటర్ అప్పటికే రిపేరుకు పోయి ఉంది. అది పోయినట్టు రాసుకున్న కాగితం మాత్రం భద్రంగా ఉంది.

ఆ లోటు తీర్చడానికి బెంగళూరు పరిశోధకులు తయారుచేసిన కొత్త పరీక్షను మాకు ప్రయోగంగా ఇచ్చారు. జన్యువులు మార్చిన బ్యాక్టీరియాను ఎండబెట్టి చిన్న ట్యూబుల్లో పెడతారు. నీళ్లు పోసి ఒక పూట వెచ్చగా ఉంచితే అది మేలుకుంటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉంటే పసుపు రంగు పుట్టిస్తుంది. దాన్ని ల్యాబ్ గది దాటనివ్వకూడదు, పని అయ్యాక ఆవిరిలో ఉడికించి చంపాలి. ఐస్ పెట్టెను కుప్పం స్టేషన్లో నేనే అందుకున్నాను. గది దాటకూడని ఆ జీవులు బస్సులో నా ఒళ్లో కూర్చుని వచ్చాయి.

నియమం ప్రకారం ఒక్కో ఊరి నీళ్లకు రెండు ట్యూబులు. మొదటిదాంట్లో నీళ్లు ఉన్నవి ఉన్నట్టు పోయాలి. రెండోదాంట్లో అవే నీళ్లకు కొంచెం ఫ్లోరైడ్ మనమే కలిపి పోయాలి. ఆ రెండోది పసుపు కాకపోతే పరీక్షే చెడిందని అర్థం. మా డీఈఈ, అంటే నా పైఅధికారి అయిన ఇంజనీరు, ఇది విని నవ్వారు. "మనమే కలిపి, మళ్లా ఉండాదా లేదా అని సూసేది యాలప్పా?" అన్నారు. రెండో ట్యూబు రద్దయింది. నాలుగు ఊళ్ల సరుకుతో ఎనిమిది ఊళ్లు పూర్తిచేసిన ఘనత మాకు దక్కింది. నేను ఎదురు చెప్పలేదు. ఏవైనా పగిలితే వాడుకోమని అదనంగా ఇచ్చిన మూడు ట్యూబులను మాత్రం ఫ్రిజ్‌లో దాచుకున్నాను.

ఎనిమిదింటిలో ఒక్కదానికీ రంగు రాలేదు. అన్నీ సురక్షితమని రాసి సంతకం పెట్టాను. డీఈఈ గారికి అభినందన లేఖ వచ్చింది. నీళ్లు బాగున్న ఊళ్లకు మంచినీళ్ల ట్యాంకర్ ఎందుకని వారంలోపే అన్నింటికీ ఆపేశారు.

ఆ తర్వాత కొద్ది రోజులకు పుంగనూరు దగ్గరి పల్లె నుంచి రెబెకమ్మ వచ్చింది. అక్కడి బడిలో వంటమనిషి. మోకాళ్లు వంగక మెట్లు పక్కవాటుగా ఎక్కింది. చేతిలో బోరు నీళ్ల సీసా ఉంది.

"నీళ్లు బాగుండాయని రాసినారంట సార్. ఇబ్బుడు ఈ నీళ్లే పిల్లోళ్లకు పోస్తాండాను. గారబట్టిన వాళ్ల పండ్లు ఒక దినం వచ్చి సూడండి," అంది. కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ సిగ్గేసింది.

మేం శాంపిల్ తీసిన రోజు సంగతి అడిగాను. "పెద్దోళ్లు వస్తాండారని ముందు దినమే ట్యాంకులో బ్లీచింగ్ కుమ్మరించినారు సార్. రెండు దినాలు గొంతు మంట," అంది.

మా ల్యాబ్‌లో సీసాలు రెండు రకాలు. ఎర్రమూతవి నీళ్లలో బ్యాక్టీరియాను వెతికే పరీక్షలకు. వాటిలో ముందే చిటికెడు థయోసల్ఫేట్ వేసి ఉంచుతాం, అది బ్లీచింగ్‌ను విరిచేస్తుంది. తెల్లమూతవి ఫ్లోరైడ్ లాంటి కెమిస్ట్రీ పరీక్షలకు. వాటిలో ఏమీ వేయం. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ, ఫ్లోరైడే కదా అని తెల్లమూతవి పట్టుకుపోయాను. ఈసారి దాన్ని కనిపెట్టే పని బ్యాక్టీరియాదని, బ్లీచింగ్ తగిలితే అది చస్తుందని నాకు తట్టలేదు.

రెబెకమ్మ తెచ్చిన నీళ్లను దాచిన ట్యూబులో పోశాను. సాయంత్రానికి చిక్కటి పసుపు వచ్చింది. ఆమె ఊరి పాత శాంపిల్ మూత తీస్తే బ్లీచింగ్ వాసన ఇంకా ఉంది. దానికి ఫ్లోరైడ్ కలిపి రెండో ట్యూబులో పోస్తే రంగే రాలేదు. అదే పాత నీళ్లకు ఫ్లోరైడ్ కలపకుండా చిటికెడు థయోసల్ఫేట్ మాత్రం వేసి మూడోదాంట్లో పోస్తే పసుపు వచ్చింది.

తప్పు ఒప్పుకుంటూ, అన్ని ఊళ్లకూ వాడింది ఆ సీసాలే కాబట్టి ఎనిమిది ఊళ్ల రిపోర్టులూ రద్దు చేయమని నోట్ పెట్టాను. డీఈఈ చదివి, "ఒక ఊరిది పొరపాటంటే నమ్ముతారు. ఎనిమిదీ అంటే నా లెటర్ గతేమప్పా?" అన్నారు. తిరిగి చూసింది ఒక్క ఊరి నీళ్లే కాబట్టి రద్దయింది ఒక్కటే. రెబెకమ్మ ఊరికి ట్యాంకర్ మళ్లీ వచ్చింది. బ్యాక్టీరియా సహకరించనందున ప్రయోగం నిలిపివేశామని పైకి రాశారు. మిగతా ఊళ్లకు మళ్లీ పరీక్ష చేయాలన్న నా ఫైలు నేను రిటైరయ్యేదాకా కిందికి రాలేదు.

రంగు రాకపోతే నీళ్లలో విషం లేకపోవచ్చు, లేదా దాన్ని చెప్పాల్సింది బతికి లేకపోవచ్చు. ఆ తేడా తెలియడానికే రెండో ట్యూబు. దాన్ని తీసేయమన్నది డీఈఈ. తెల్లమూత సీసా పట్టుకుపోయిందీ, సంతకం పెట్టిందీ నేను. ఆ ఏడు ఊళ్ల పేర్లు నాకు ఇప్పటికీ వరసగా వచ్చు.