గడపతో సహా

పదకొండుంపావుకి నలుగురు మనుషులు ఆ టేకు ద్వారబంధాన్ని, కింది గడపతో సహా, మట్టిగోడలోంచి దెబ్బ తగలకుండా బయటికి తీశారు. ఇల్లాలు అంజమ్మ దానిమీద పసుపునీళ్లు చల్లి కళ్లు తుడుచుకుంది.

పాల్మాకులలో పాత మిద్దెలు ఒక్కొక్కటే పోతున్నాయని ఒక పాఠకుడు ఉత్తరం రాస్తే ఆదివారం బయల్దేరాను. ఏడున్నరకు అఫ్జల్‌గంజ్‌లో బస్సు, అదృష్టంకొద్దీ కిటికీ సీటు. సాతంరాయి దాటాక రెండువైపులా చేలల్లో తెల్లరంగు పూసిన ప్లాట్ల రాళ్లు. విమానాశ్రయం వస్తుందన్న మాటే వాటిని నాటించింది. కూరగాయలు అమ్ముకుని ఖాళీ గంపతో వస్తున్న పక్కసీటాయన నవ్వాడు: "మొన్నటిదాంక జొన్న ఏసిన్రు, ఇగ రాళ్లు ఏసిన్రు. జర వాన పడనియ్యన్నా, ఏం మొలుస్తదో చూద్దాం."

తొమ్మిదికి దిగాను. అంజమ్మ, యాదయ్య దంపతులు తమ మిద్దెను గుంటూరు నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డ సుబ్బారావుగారికి అమ్మారు. కలపంతా ఆయనదేనని కాగితంలో ఉంది. ఆ ఇంట్లో గడపను అమ్మరు, కొత్తింటికి తీసుకుపోతారు. ఆ ముక్క రాయించడం మరిచారు.

"మా అత్త పసుపు రాసిన గడప సారూ. మిద్దె మీదే, గడప మాత్రం మాది" అంది అంజమ్మ.

కలప తీయించడానికి వచ్చిన సుబ్బారావుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "తీసుకెళ్లండమ్మా. మా అమ్మయినా ఇదే అడిగేది."

అలా ఊడిన ద్వారబంధం ఎడ్లబండిమీద ఊరి చివరి కొత్తింటికి చేరింది. వెనకే నేనూ నడిచాను. తలుపుకోసం వదిలిన ఖాళీలో అది పట్టలేదు. వెడల్పు యాదయ్య తన జానతో కొలిచి చెప్పాడు, మేస్త్రీ తన జానతో కట్టాడు.

"ఆరు జానలన్నవ్ గదన్నా" అన్నాడు మేస్త్రీ.

"నా జాన ఆరు. నీదేంది, పిల్లి అడుగు లెక్క."

"ఇద్దరు చేతులు పక్కపక్కన పెట్టి చూస్కుంటే ఏం పోతుండె?" అంది అంజమ్మ. "గడపకైతే రంపం పెట్టనియ్య."

"గోడ కొడితే పైన స్లాబు పలుగుతదక్కా."

ఆ పరేషాన్‌లోనే అంజమ్మ నాకు జొన్నరొట్టె, చింతకాయ తొక్కు పెట్టింది. అంత రుచిగా తిని చాలా కాలమైంది. తిరుగుదారిలో సుబ్బారావుగారు నన్ను తన స్కూటర్‌మీద శంషాబాద్‌లో దించారు. ఇళ్లు చూద్దామని వెళ్లి, మనుషుల మంచితనం తిని వస్తున్నాననిపించింది.

గురువారమే గృహప్రవేశం. నేను కదిలేటప్పటికి ద్వారబంధం కొత్తగోడకు ఆనించి ఉంది. రంపమూ, గడ్డపారా దాని పక్కనే ఉన్నాయి. ఎవరూ ఏదీ ముట్టుకోలేదు.