పసుపు మీద ఇంకో పూత

మొన్న ఆదివారం మా భోజనాల బల్ల మీద అద్దం వేయించడానికి, కొలతలు తీసుకుంటానని పంజగుట్ట నుంచి ఒకాయన వచ్చాడు. అద్దం మా ఆయన ముచ్చట. కొలతలకి వచ్చినాయన బల్ల మీది గుడ్డ తీసి, ఒక మూల వేలితో రుద్ది చూసి, "గీ పసుపు మరక ఎట్లయింది మేడమ్? జర ఉప్పు కాగితం కొట్టి పాలిష్ పెడితే సాఫైతది," అన్నాడు. నేను ఎంత గట్టిగా "వద్దు" అన్నానంటే, పాపం ఆయన టేపు కింద పడేసుకున్నాడు.

ఆ బల్ల చేసింది మా వదిన, అంటే మా ఆయన అక్కగారు. ఆఫీసు నుంచి రిటైరయ్యాక తోటివాళ్లంతా కాశీకి టిక్కెట్లు కొనుక్కుంటే, ఆవిడ రంపం, చిత్రిక కొనుక్కుని అమీర్‌పేట సందులోని మా ఫ్లాటు వెనక బాల్కనీని వడ్రంగం కొట్టు చేసేసింది. ముందు ఒక పీట చేసింది. తర్వాత ఒక స్టూలు. అది ఈనాటికీ కొంచెం కుంటుతుంది గానీ ఆ మాట ఆవిడ ముందు అనకూడదు. ఆ ధైర్యంతో ఏకంగా ఆరుగురు కూర్చునే టేకు బల్లకి దిగింది. బల్ల నాలుగు కాళ్ల మీద నిలబడి, ఇక నునుపు చేసి పాలిష్ పెట్టడమే మిగిలిందనగా ఆవిడకి పక్షవాతం వచ్చింది. ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచెయ్యి మాత్రం మాట వినడం మానేసింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఆవిడ బాల్కనీలో ఆ పచ్చి చెక్క వైపే చూస్తూ కూర్చునేది.

మా అత్తగారు, అంటే వదినకి కన్నతల్లి, ఈ జబ్బంతా ఆ చెక్కల వల్లే వచ్చిందని ఖాయం చేసేసుకున్నారు. "పాలిష్ వాణ్ణి పిలిచి ఆ పీడ వదిలించరా," అని కొడుకుని రోజూ పోరేవారు. బల్ల ఉన్న వైపు కూడా వెళ్లేవారు కాదు. చివరికి మా ఆయన ఫోను తీస్తే వదిన ఒక్క మాటే అంది. "దాని మీద ఇంకో చెయ్యి పడిందా, ఆ బల్ల దగ్గర నేను అన్నం తినను. నా చెయ్యి నాకు తిరిగొస్తుందో లేదో దాని మీదే తేల్చుకుంటాను."

ఇక మొదలైంది. కుడిచేతి మీద ఎడమచెయ్యి వేసి నొక్కిపట్టి, ఉప్పు కాగితంతో రుద్దేది. ఇల్లంతా టేకు పొడి. ఇడ్లీ పిండి మీద మూత తీయాలన్నా నాకు భయమే. నునుపు కుదిరాక లక్క రేకులు స్పిరిట్‌లో నానబెట్టి, పాత నూలుచీర ముక్కలో దూది ఉండ కట్టి, అందులో ముంచి సున్నాలు చుడుతున్నట్టు రాసేది. ఆ పనిలో చెయ్యి ఆగకూడదు. ఆగిన చోట మచ్చ పడుతుంది. ఆవిడ చెయ్యేమో సగంలో ఆగిపోయేది. మచ్చ పడేది. ఆ మేరకు తుడిచేసి మళ్లీ మొదలు. పై అంతస్తు హాస్టల్ అమ్మాయిల తరఫున వాచ్‌మన్ వచ్చి, "అమ్మా, గా స్పిరిట్ వాసనకు పిల్లలు పరేషాన్ అయితున్రు," అని మొరపెట్టుకుంటే, "నా చెయ్యి బాగుపడేదాకా ఓర్చుకోమను," అంది. వానల్లో పాలిష్ మీద తెల్లటి పొర వచ్చేసి, చేసిందంతా పాడైంది. నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. ఆవిడ మాత్రం ఎండ కోసం కాచుకుని కూర్చుంది.

ఎండ వచ్చింది. ఒక గురువారం సాయంత్రం, ఎడమచేతి సాయం లేకుండా, ఆ చివర నుంచి ఈ చివరదాకా ఎక్కడా ఆగకుండా ఆఖరి పూత వేసింది. మేమంతా గుమ్మంలో నిలబడి చూశాం. అత్తగారు మాత్రం మంచం దిగలేదు.

తెల్లారి శుక్రవారం. కాఫీ పట్టుకుని వెళ్తే వదిన బల్ల ముందు కదలకుండా నిలబడి ఉంది. ఇంకా సరిగ్గా ఆరని పాలిష్ మీద, ఒక మూల, తడి పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పక్కనే తలస్నానం చేసిన జుట్టుతో అత్తగారు. "కొత్త వస్తువు కదే, బోసిగా ఎలా వదిలేస్తాం?" అంటున్నారు.

కుంకుమ తుడిస్తే పోయింది. పసుపు పాలిష్‌లోకి దిగిపోయింది. "గీకేస్తే పోతుందిలే అక్కా," అన్నారు మా ఆయన. వదిన ఆయన వంక కొరకొరా చూసింది. "గీకేదేంటి? అమ్మ ఇవాళ్టికి దీన్ని మనింటి వస్తువని ఒప్పుకుంది," అంది. కళ్లు తుడుచుకుని, దూది ఉండ ముంచి, ఆ పసుపు మీదే కుడిచేత్తో ఇంకో పూత వేసింది. పసుపు కాస్త పాకింది. చెయ్యి మాత్రం ఆగలేదు.

అత్తగారు ఇప్పుడు లేరు. మొన్న ఆ అద్దం మనిషి వెళ్లగానే, బాల్కనీలోంచి ఉప్పు కాగితం చప్పుడు ఆపి, "ఏమంటాడు?" అని కేకేసింది వదిన. "మరక తీసేస్తాట్ట," అన్నాను. "అద్దమూ వద్దు, ఏమీ వద్దు," అని మళ్లీ రుద్దడం మొదలెట్టింది. గడపలకీ తులసికోటకీ అత్తగారు పెట్టిన పసుపంతా ఏ వారానిది ఆ వారమే కడుక్కుపోయింది. ఇదొక్కటే మా వదిన చేతి కింద ఇంకా ఆ శుక్రవారంలోనే ఉంది.