లక్ష్మత్త చాటల బీడీలు

మొన్న ఆర్మూర్ పసుపు మార్కెట్ పక్కన నిలబడితే, పసుపు వాసన వదిలేసి నా ముక్కు బీడీలు చుట్టే తునికాకు వాసన పట్టింది.

చిన్నప్పుడు మా అరుగు మీద ఆడోళ్లంత బీడీలు చుట్టేటోళ్లు. పక్కింటి లక్ష్మత్త కొడుకు చింటుకు పుట్టుకతోనే ఏదో నరాల జబ్బు. దాని పేరు డాక్టర్ గూడ కాయితం చూసే చదివిండట. వాడికి బువ్వ తినిపియ్యనీకి ఆమె లేచినప్పుడల్లా, మా నాయనమ్మ తన బీడీలు గుప్పెడు ఆమె చాటల వేసేది. బీడీలు తక్కువైతే లక్ష్మత్త పని పోతదని నాకేం తెలుసు?

ఒకనాడు లక్ష్మత్త ముందట్నే అరిచిన. "నాయనమ్మా, నీ బీడీలు అత్త చాటల పడ్తున్నయ్! కండ్లు కనవడ్తలేవా?"

"ముసల్దాన్ని బిడ్డా, కనవడ్తలేవు" అన్నది నాయనమ్మ.

లక్ష్మత్త తల ఎత్తలేదు. "నాకు గూడ కనవడ్తలేవు పెద్దమ్మా" అన్నది.

ఆ అరుగు మీద చూపు మంచిగున్నది నాకొక్కదానికే. ఏం సమజ్ కానిది గూడ నాకే.