ఓడినవాళ్ళ మనిషి

ఒరోజ్‌బాయ్‌కి ఉన్న జబ్బు ఒక్కటే: ఎవరు ఓడిపోతే ఆయన వాళ్ళ మనిషి. ముందు నుంచీ కాదు, ఓడిపోయిన మర్నాటి నుంచి.

నరీన్ కొండల్లోని ఆ ఊళ్ళో అధ్యక్ష ఎన్నికల ఫలితం తెలిసిన పూటే జనం గోడల మీద ఓడినవాడి బొమ్మ గోకేసి గెలిచినవాడి బొమ్మ అంటిస్తారు. ఖానుల కాలంలోనూ లోకం ఇంతే, కాకపోతే అప్పట్లో జిగురు ఖర్చు లేదు. ఒరోజ్‌బాయ్ మాత్రం ఆ గోకేసిన ముక్కలు ఏరుకొచ్చి, ముక్కున్న చోట చెవి వచ్చేలా, తన గేటుకి అతికిస్తాడు.

“వీడికి ఓటేశావా?” అని అడిగింది భార్య జుమాగుల్, మొదటిసారి చూసినప్పుడు.

“లేదు. గెలిచినవాడికే వేశాను.”

“మరి వీడి మొహం మన గేటుకెందుకు?”

“నావాడు గెలిచాడు కదే. వాడికిక నాతో పనేముంది?”

కుస్తీ పోటీల్లో అందరూ గెలిచినవాణ్ణి భుజాల మీదకెత్తుకుంటే, ఈయన ఓడినవాడి పక్కన చేరి నేల ఏటవాలుగా ఉందని తీర్పరితో తగువు పెట్టుకుంటాడు. ఇక ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. జుమాగుల్ ఆయన మీద కేకలేస్తూ ఎక్కడైనా ఒక్క మాటకి తడుముకుందా, ఆయన వెంటనే ఆమె పక్షానికి దూకేసి, తనని తానే తిట్టుకోవడం మొదలుపెడతాడు.

“మొగుడితో తనివితీరా పోట్లాడే యోగం కూడా రాసిపెట్టలేదు నాకు,” అని ఆమె నలభై ఆరేళ్ళుగా ఊరందరికీ చెప్పుకుంటోంది.

ఈసారి ఎన్నికల్లో ఊరు నిలువునా చీలింది. డేగ గుర్తు వాళ్ళు సగం, వంతెన గుర్తు వాళ్ళు సగం. ఊరి వైద్యురాలు బురుల్చా వంతెన పక్షం. ఊరికే ఉండక, మైకు పట్టుకుని, “డేగవాళ్ళ తలకాయలన్నీ నేను పరీక్ష చేసినవే. లోపల గాలి తప్ప ఏమీ లేదు!” అంది.

డేగ గెలిచింది. ఊరి పెద్ద నొగోయ్ డేగ పక్షం. “మన తలల్లో గాలి ఉందన్న మనిషి దగ్గరికి మనవాళ్ళెవరూ వెళ్ళకూడదు,” అని ఆజ్ఞ వేశాడు. దాంతో డేగవాళ్ళు దగ్గొచ్చినా ఇరవై కిలోమీటర్లు గతుకుల్లో పోయి చూపించుకున్నారు. బురుల్చా ఆసుపత్రి వెలవెలబోకూడదని వంతెనవాళ్ళు పట్టుదల కొద్దీ జబ్బు పడ్డారు గానీ, ఎంతకని పడతారు? రెండు వారాలకి ఆమె బదిలీ కాగితం తెప్పించుకుంది. శనివారం వ్యాను వస్తుందని తెలియగానే జుమాగుల్ మొగుడి దగ్గరికి పరిగెత్తింది. కోడలికి ఎనిమిదో నెల. కొండ మీద మంచు. ఊళ్ళో బురుల్చా తప్ప పురుడు పోసేవాళ్ళెవరూ లేరు.

“గేటుకి బొమ్మలంటిస్తే ఏం లాభం? ఆ పిల్లని ఆపు!” అంది మొగుడితో.

“శనివారం నొగోయ్ ఇంట్లో విజయోత్సవ విందుంది. తినొచ్చి చూద్దాం,” అన్నాడాయన.

విందులో ఉడికించిన గొర్రె తలకాయ వయసులో పెద్దవాడైన ఒరోజ్‌బాయ్ ముందు పెట్టారు. అది ఆయన కోసి పంచందే మిగిలినవాళ్ళు మాంసం ముట్టకూడదు. అరవై మంది ఆయన చాకు వైపే చూస్తున్నారు. ఆయన పళ్ళెం పట్టుకుని లేచాడు.

“ఎటు బైకే?” అన్నాడు నొగోయ్. బైకే అంటే వాళ్ళ భాషలో అన్నగారు.

“కాళ్ళు పట్టేశాయి. అలా తిరిగొస్తా.”

“తలకాయెందుకు మరి?”

“ఒంటరిగా ఏం తిరుగుతాను?”

ఏం చేస్తారు? ఆకలితో అరవై మంది విజేతలు, జుమాగుల్‌తో సహా, మంచులో ఆయన వెంట నడిచారు. ఆయన తిన్నగా బురుల్చా వాకిట్లోకి వెళ్ళి, వ్యాను ఎక్కించబోతున్న పెట్టె మీద చతికిలబడ్డాడు.

“నన్ను సాగనంపడానికి ఊరేగింపా?” అంది బురుల్చా.

“కాదమ్మా, భోజనానికి.”

చాకుతో రెండు కళ్ళూ తీసి ఒకటి నొగోయ్‌కి, ఒకటి బురుల్చాకి అందించబోయాడు. “కన్ను పంచుకున్నవాళ్ళు రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. మన తాతలు పెట్టిన పద్ధతి. నన్ననకండి.”

“నేను తినను! మా తలల్లో గాలి ఉందంది!”

“ఎక్స్‌రే తీయించుకుని రా,” అంది బురుల్చా. “లేదని తేలితే క్షమాపణ చెప్తా.”

“నొగోయ్, త్వరగా మింగరా, అక్కడ మాంసం చల్లారుతోంది!” వెనక నుంచి ఎవరో మొత్తుకున్నారు.

ఒరోజ్‌బాయ్ గొంతు తగ్గించాడు. “కిందటి ఎన్నికల్లో ఓడినవాళ్ళలో నువ్వున్నావు. వారం రోజులు మీ ఇంట్లో కూర్చుని టీ తాగాను. ఎంత చెత్త టీ అనుకున్నావ్!”

నొగోయ్ టోపీ సర్దుకున్నాడు. “ఆ వారం నా గడప తొక్కింది నువ్వొక్కడివే బైకే. సామాను కట్టేసి లారీ కూడా మాట్లాడుకున్నా.”

“అందరూ గెలిచినవాళ్ళే మిగిలితే, వచ్చేసారి పోటీ ఎవరితోరా? గొర్రెలతోనా?”

జుమాగుల్ వేళ్ళ మీద లెక్కపెట్టింది. తనకి తెలిసి అయిదు ఎన్నికలు. ఒక్కోసారి ఒక్కో పక్షం ఓడింది, ఓడినవాళ్ళంతా ఇప్పటికీ ఊళ్ళోనే ఉన్నారు, పక్క పక్క ఇళ్ళలో, రోజూ కొట్టుకుంటూ. జబ్బనుకున్నది ఇదా? ఈసారి తను ఓడిపోయానని ఆమెకి అర్థమైంది కానీ, పైకి అంటే ఆయన మళ్ళీ తన పక్షానికి దూకుతాడని నోరు మెదపలేదు.

నొగోయ్ కన్ను గుటుక్కున మింగాడు. బురుల్చా కళ్ళు మూసుకుని నమిలింది. మాంసం వాకిట్లోకే వచ్చేసింది, వ్యాను డ్రైవరు కూడా ఓ ఎముక పట్టుకుని కూర్చున్నాడు. అంతా తినడంలో పడ్డాక నొగోయ్ మెల్లిగా బురుల్చా పక్కకి జరిగి, అక్కా అని వాళ్ళ భాషలో పిలిచాడు.

“ఎజే, నాకు రోజూ ఇంజెక్షన్ కదా. ఈ రెండు వారాలూ గతుకుల్లో పోయి పొడిపించుకొచ్చా. వెళ్ళేటప్పుడు బాగానే ఉంటుంది, వచ్చేటప్పుడే కూర్చోలేను. ఎంతైనా నీ హస్తవాసి వేరు.”

బురుల్చా పెట్టె తాళం తీసి సూది వెతికింది. విజేత లోపలి బల్ల మీద బోర్లా పడుకున్నాడు. కాసేపటికి పెద్ద కేక.

“అమ్మో! ఎజే, ఇంత నొప్పా? కిందటి నెల లేదే!”

“కిందటి నెలకి ఎన్నికలు కాలేదు,” అంది బురుల్చా, దూదితో రుద్దుతూ.