తుడిచిన పలకలు, అక్క గొంతు

ఆ మధ్య ఒక ఉదయం కరీంనగర్‌లోని మా ఇంట్లో, ఎనభై దాటిన మా అక్క కన్నులు మూసుకొని పద్యం చదువుతుండగా, నా చౌకరకపు ల్యాప్‌టాప్ నడుమనే రికార్డు చేయడం మాని, తనలో ఇక చోటు లేదని తెర మీద ఒక వాక్యం చూపి ఊరకున్నది. అది ఎరుగని అక్క పద్యం నిండుగా ముగించింది. మళ్లీ చదవమని బతిమాలితే, ఈసారి మూడవ పాదం ఆమెకు అందలేదు. ఆ పద్యాలు ఆమె కంఠంలో తప్ప ఈ లోకంలో మరెక్కడా లేవు.

మెట్‌పల్లిలో మా చిన్ననాటి పంతులుగారు తమ ఇంటి అరుగు మీద బడి నడిపేవారు. కాగితం అపురూపమైన ఆ కాలంలో, తాము కట్టిన పద్యాలను రోజుకొకటి చొప్పున మా పలకల మీద వ్రాయించేవారే కాని, తాము ఏ పుస్తకంలోనూ వ్రాసుకోలేదు. అప్పజెప్పనిదే పలక తుడువరాదన్నది వారి నియమం. నేను ఒకనాడు ఆ నియమం మీరి, పద్యం నోటికి రాకముందే దొండాకుతో పలక తుడిచి ఎద్దు బొమ్మ గీశాను. బడి ముఖం చూడని మా అక్క, మా ఇంటి గడపలో చేట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతూ నావైపు చూసి పకపకా నవ్వింది.

“ఏందిర తమ్మీ, పద్యం తుడిచి ఎద్దును గీసినవా? పొద్దుగాల పంతులుకు గీ ఎద్దునే అప్పజెప్పు!”

నవ్వు ముగించి, నేను ఇంటికి వచ్చి ఒకటి రెండుసార్లు గొణుక్కున్న ఆ పద్యాన్ని తునికాకు మడతతో పాటు మెల్లమెల్లగా విప్పి నాకు వినిపించింది. నాటి నుండి అక్కకు వినిపించాకనే పలక తుడిచేవాడిని. నేను కావ్యాలు చదువుకొని, తెలుగు పంతులునై, ఆ పద్యాలను మరిచిపోయాను. పంతులుగారు వెళ్లిపోయారు, పలకలు పగిలిపోయాయి. అన్నీ అక్కలో భద్రంగా ఉన్నాయని ఉద్యోగవిరమణ తరువాత గాని నాకు తెలియలేదు. తెలిసేనాటికి ఆమెకు మరుపు మొదలైంది.

ల్యాప్‌టాపును, ఇలాంటివి బాగుచేసే దుకాణం నడుపుతున్న నా పాత శిష్యుని వద్దకు తీసుకొనిపోయాను. అతడు దానిని విప్పి చూసి, పనికిరానివి జరన్ని తుడిచేద్దామా సార్ అని అడిగాడు. అప్పజెప్పనిదే తుడువరాదని నా నోట వచ్చిన మాటకు అతడు పెద్దగా నవ్వాడు.

“మీరింక మారలే సార్! ఫికర్ చెయ్యకుండ్రి. దీంట్ల ఉన్న జాగ బోర్డుకే అతికి ఉన్నది, గది పెరగదు. గని పక్కకు ఒక గూడు ఖాళీగ ఇడిసిండ్రు, గండ్ల కొత్త ఎస్‌ఎస్‌డి పెడ్త, జాగ పెరుగుతది. పాతదాని జోలికే పోను.”

ఆ వస్తువు తెప్పించడానికి రెండు రోజులు పట్టింది. నా చేతిలోనిది మీటల ఫోను, అందులో వ్రాతకు గాని కంఠానికి గాని చోటు లేదు. ఆ రెండు రోజులూ ఎన్నిమార్లు అడిగినా అక్క మూడవ పాదం దగ్గర ఆగి నా ముఖం చూసేది.

చోటు పెరిగిన యంత్రాన్ని ఇంటికి తెచ్చి, ఏమి తోచిందో, వంటింటి చేటను ఆమె ఒళ్లో పెట్టాను. ముడతలు పడిన వ్రేళ్లు లేని ఆకును మడిచాయి, లేని దారం చుట్టాయి. వాటి వెంటనే మూడవ పాదం, నాల్గవ పాదం తొణకకుండా వచ్చాయి. ఆ వెనుక మిగిలిన పద్యాలు కూడా ఒకటొకటిగా వచ్చి యంత్రంలోకి ఎక్కాయి.

“ఎక్కిందారా తమ్మీ? మంచిగ ఎక్కిందా?” అని రెండుసార్లు అడిగి, చేట పక్కన పెట్టి, “అయితే ఇగ నేను తుడుసుకుంటా” అన్నది అక్క, బరువు దించుకున్నదానిలా.

ఆ మాట నన్ను విడువలేదు. నా ఈడువారికి తెలియనిది కాదు. నాడు చోటు లేక తుడిచినది ఎవరో ఒకరి కంఠంలో నిలిచేది. నేడు చోటుకు కొదువలేదు, తుడువనక్కర లేదు, అందుచేత ఎవరూ ఎవరికీ అప్పజెప్పనక్కరా లేదు.

అందుకే రోజూ ఉదయం ఆ యంత్రం నుండి ఒక పద్యం వల్లెవేసి అక్కకు అప్పజెబుతున్నాను. నడుమ ఒక మాటను కావాలనే తప్పు చదివి ఆగుతాను. నిన్నటివరకు ప్రతిసారీ దిద్దింది.