తవుడు పోని బియ్యం

మా అత్తగారింట్లో అన్నం తెల్లగా ఉండటం పరువుకు సంబంధించిన విషయం. ఊరు ఇందుకూరుపేటకు దగ్గర. సొంత మడిలో పండిన మొలగొలుకుల వడ్లని మిల్లులో రెండుసార్లు పాలిష్ పట్టించేవారు. నీళ్ళు తేటపడేదాకా కడిగి వండి, గంజి వార్చి, అందులో మిల్లు తవుడు కలిపి గేదెలకు పోసేవారు. కాలేజీలో చదువుకుని వచ్చిన నాకు కూడా అందులో తప్పు కనిపించలేదు.

బిడ్డ పుట్టాక నా పథ్యమూ ఆ తెల్లన్నమే. పైన మిరియాల కారం, వెల్లుల్లి, చెంచాడు నెయ్యి. దాహమేస్తే గుక్కెడు కాచిన నీళ్ళు.

"ఎక్కువ తాగితే బిడ్డకు జలుబు చేస్తాదమ్మే" అనేది అత్తమ్మ. మంచం దిగనిచ్చేది కాదు. అదంతా ప్రేమే. నా పక్కబట్టలు కూడా తనే ఉతికేది.

మూడో నెలలో కాళ్ళు తిమ్మిరెక్కసాగాయి. కింద ఉన్నది చాపో నేలో అరికాలికి తెలిసేది కాదు. ఒక ఉదయం బిడ్డనెత్తుకుని లేవబోతే మోకాళ్ళు మడతపడ్డాయి. వాణ్ణి గుండెకు అదుముకుని గోడవారగా కూలబడ్డాను. వాడికేమీ కాలేదు. ఆ రోజు నుంచి మాత్రం వాణ్ణి ఎత్తుకోవాలంటే భయం. పడుకునే పాలిచ్చేదాన్ని. ఇక ఎప్పటికీ బిడ్డను చంకనేసుకోలేనేమోనని కుమిలిపోయేదాన్ని.

నెల్లూరులో డాక్టరమ్మ నా మోకాళ్ళ మీద చిన్న సుత్తితో తట్టి చూసింది. కాళ్ళు కదల్లేదు. ఏం తింటున్నానని అడిగింది.

"మా ఇంట్లో బియ్యమంత తెల్లటి బియ్యం ఊళ్ళోనే లేదమ్మా" అంది అత్తమ్మ గర్వంగా.

"బలమంతా మిల్లులో తవుడుతో పోయింది పెద్దమ్మా. మిగిలింది గంజితో పోయింది. అవి రెండూ ఎవరికి పెడుతున్నారు?"

"అయితే నా కోడలికంటే నా గేదెకే బాగా పెట్టినానన్నమాట" అంది అత్తమ్మ. డాక్టరమ్మతో పాటు నేనూ నవ్వేశాను. చాలా రోజుల తర్వాత అదే నవ్వడం.

డాక్టరమ్మ బి విటమిన్ సూదులు వేసి, దంపుడు బియ్యం, పప్పు, ఆకుకూర తినమంది. నీళ్ళు దాహం తీరా తాగమంది. కర్ర పట్టుకునైనా సరే, రోజూ నడవమంది.

మర్నాడు అత్తమ్మ వడ్లు దంచే రోకలి చప్పుడుకు మెలకువ వచ్చింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

"ఏందొదినా, మిల్లు మూసేసినారా? ముతకబియ్యం తినే గతి పట్టిందే మీకు!"

"నా కోడలు నడిచి నీ ఇంటికి పేరంటానికి రావద్దా? నీక్కూడా చేటెడు పంపిస్తాలే, నీ కీళ్ళు కూడా పట్టుకున్నాయి గదా."

తెల్లవారుజామున కాలువగట్టు మీద నడక. బాలింత వీధిలోకి రావడమేమిటని ఊరు నోరు నొక్కుకుంది. అత్తమ్మ బిడ్డను భుజాన వేసుకుని నాలుగడుగులు ముందు నడిచేది. వాడి ముఖం నా వైపు ఉండేది.

"రా అమ్మే, నీ కొడుకు పిలస్తాండాడు."

కర్ర ఊతతో వాడి కళ్ళు చూస్తూ నడిచేదాన్ని. మొదట తూముదాకా, తర్వాత సరుగుడు తోపుదాకా. తిమ్మిరి మెల్లగా దిగుతూ వచ్చింది. గట్టు మీద గడ్డి తడి అరికాలికి తగిలిన రోజు ఏడ్చేశాను.

చలికాలంలో బండి కట్టుకుని మైపాడు సముద్రానికి వెళ్ళాం. ఇసుకలో కొంతదూరం నడిచాక అత్తమ్మ ఆగి, బిడ్డను నా చేతుల్లో పెట్టింది.

"ఇంద, నీ బిడ్డ బరువు నువ్వే మోసుకో. నా నడుం పడిపోతాంది."

ఆమె నడుముకు ఏమీ కాలేదని ఇద్దరికీ తెలుసు. అల తాకేదాకా వాణ్ణి మోశాను.

ఇప్పుడు మళ్ళీ నాకు నెలలు నిండుతున్నాయి. రాత్రిళ్ళు దిగులు పట్టుకుంటే కాళ్ళ వేళ్ళు కదిలించి చూసుకుంటాను. ఈ సాయంత్రం అత్తమ్మ నా మంచం పక్కన పెద్ద చెంబుతో నీళ్ళు పెట్టి మూత వేసింది.

"పురుడైనాక కూడా ఇది ఈడనే ఉంటాది. ఎవరేమన్నా సరే" అంది.

ఇది రాస్తూ ఆ నీళ్ళే తాగుతున్నాను.